మన ‘నాట్’ కిట్ మన దగ్గరే తయారు కావాలి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో దిగుమతి బొమ్మల మీద వచ్చిన వ్యాసం చదివాను. సుంకాలు పెంచకపోతే ఏటికొప్పాక లక్క బొమ్మ, కొండపల్లి పొణికి బొమ్మ బతకవని రాశారు. ఆ మాటతో నాకు పేచీ లేదు. మా ఇంట్లో ప్రతి సంక్రాంతికీ పెట్టే బొమ్మల కొలువులో ఆ రెండూ ఉంటాయి. కానీ చివరి పేరాలో, పెద్దవాళ్లు వేలు పోసి తెప్పించుకునే ప్లాస్టిక్ విమానాల లాంటి విలాసాల మీద ఎంత సుంకం వేసినా తప్పులేదని అన్నారు. ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. డబ్బాలో ముక్కలుగా వచ్చే కిట్ కొని, అతికించి, రంగు వేసి ఆ విమానాలు కట్టేవాళ్లలో నేనొకదాన్ని. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైతే మన్నించండి.

నాకు యాభై ఎనిమిదేళ్లు. విశాఖపట్నం మద్దిలపాలెంలో ముప్పై ఏళ్లుగా టైలరింగ్ చేస్తున్నాను. జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు, స్కూలు యూనిఫారాలు కుడతాను. రాత్రి తొమ్మిదికి షాపు షట్టరు దించాక, అదే కటింగ్ టేబుల్ మీద దీపం దగ్గరికి లాక్కుని, పన్నెండేళ్లుగా విమానాలు కడుతున్నాను. ఇప్పటికి పందొమ్మిది అయ్యాయి. ఇరవయ్యోది కోసమే ఈ ఉత్తరం రాస్తున్నానని చెప్పినా తప్పు కాదు.

మా నాన్నది శ్రీకాకుళం జిల్లా. 1962లో ఎయిర్‌ఫోర్సులో చేరి పదిహేనేళ్లు ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరుగా, అంటే విమానం బాడీ చూసుకునే మెకానిక్‌గా, పనిచేశారు. 1965 యుద్ధం నాటికి అంబాలాలో ఉన్నారు. ఆయన చేతుల మీదుగా పోయిన విమానం పేరు నాట్. ఇంగ్లీషులో నాట్ అంటే దోమలాంటి చిన్న పురుగు. పేరుకు తగ్గట్టే ఉండేది. రెక్కల ఈ చివర నుంచి ఆ చివరకు 6.73 మీటర్లు, ముక్కు నుంచి తోక దాకా 8.74 మీటర్లు. మన బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్‌కు ఎదురుగా పెట్టిన టీయూ-142 విమానం చూశారు కదా, దాని రెక్కల కొలత 50 మీటర్లు. ఆ రెక్కల పొడవునా ఏడు నాట్‌లను పక్కపక్కన నిలబెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. మిగతా విమానాలకు నిచ్చెన వేసుకుని ఎక్కితే గానీ పని జరగదట. నాట్‌కు నేల మీద నిలబడే చాలా పని చేసుకునేవాళ్లమని నాన్న గర్వంగా చెప్పేవారు. దానికి వేరే ఎయిర్ బ్రేకులు కూడా లేవు, గాల్లో వేగం తగ్గించాలంటే చక్రాలను కొంత కిందికి దించితే అవే అడ్డుపడేవి. ఈ ముక్క చెబుతూ ఆయన రెండు మోచేతులూ మడిచి చూపించేవారు. అన్నం తింటూ కూడా చూపించేవారు.

ఈ విమానం కథ కొంచెం చెప్పాలి. ఎందుకంటే నా కంప్లయింట్ అంతా అందులోనే ఉంది. ఇంగ్లండులో ఫోలండ్ కంపెనీలో పెట్టర్ అనే ఇంజనీరు దీన్ని తయారుచేశాడు. ఫైటర్లు ఏటికేడు బరువెక్కుతున్నాయి, ఖరీదెక్కుతున్నాయి, చిన్నది చేస్తే ఎక్కువ చేసుకోవచ్చన్నది ఆయన ఆలోచన. 1955 జులైలో మొదటిసారి ఎగిరింది. విచిత్రం ఏమిటంటే ఇంగ్లండు వాయుసేన ఆ ఒంటి సీటు ఫైటరును తీసుకోలేదు. ట్రైనింగ్ కోసం రెండు సీట్ల రకాన్ని మాత్రమే తీసుకుంది. ఒంటి సీటు నాట్‌ను ఫిన్లండ్ పదమూడు, యుగోస్లావియా రెండు కొన్నాయి. దాన్ని నమ్ముకుని, లైసెన్సు తీసుకుని, బెంగళూరులోని విమానాల కర్మాగారం హెచ్ఏఎల్‌లో వందకు పైగా తయారుచేసుకున్నది మనమే. 1965 సెప్టెంబరు 3న మన పైలటు ట్రెవర్ కీలర్ నాట్‌తోనే పాకిస్తాన్ వాళ్ల సేబర్ ఫైటరును దెబ్బకొట్టారని మన వైమానిక దళం లెక్కకట్టి వీరచక్ర ఇచ్చింది. నాట్‌కు సేబర్ స్లేయర్, అంటే సేబర్‌లను చంపేది, అనే బిరుదు ఆ యుద్ధంలోనే వచ్చింది. 1971 డిసెంబరు 14న శ్రీనగర్‌లో నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ బాంబులు పడుతుండగానే ఎగిరిందీ నాట్‌లోనే. వైమానిక దళంలో పరమవీరచక్ర వచ్చింది ఆయనొక్కరికే. తర్వాత దీన్నే మార్చి మెరుగుపరిచి మన వాళ్లు అజీత్ అని తెచ్చారు.

ఇంత మనదైన విమానాన్ని నేను కట్టాలనుకున్నప్పుడు ఏం దొరికిందో చూడండి. దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో నాట్ అని వెతికితే ఎర్రగా మెరుస్తూ రెండు సీట్లది కనిపిస్తుంది. ఇంగ్లండు వాళ్ల రెడ్ యారోస్ విన్యాసాల జట్టు 1965 నుంచి 1979 దాకా నడిపిన రకం అది. వాళ్లది వాళ్లు చేసుకున్నారు, అందులో తప్పేముంది. మా నాన్న చెయ్యి పెట్టిన ఒంటి సీటుది మాత్రం ఐరోపాలో ఒక చిన్న కంపెనీ నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది. కిట్ ఖరీదు రెండు వేల చిల్లర. నా చేతికి వచ్చేసరికి నాలుగు వేలు దాటింది. రెండున్నర నెలలు పట్టింది. పార్శిల్ తెచ్చిన సంస్థ వాళ్లు డబ్బాలో బ్యాటరీ ఉందా, ఎగురుతుందా, కెమెరా ఉందా అని మూడుసార్లు ఫోను చేశారు. ప్లాస్టిక్ ముక్కలండీ, మనమే అతికించుకోవాలి అని ప్రతిసారీ చెప్పాను. చివరికి బొమ్మల పద్దులోనే వేశారు. పద్దు ప్రకారం వాళ్లది తప్పు కాదు. కస్టమ్స్ పట్టికలో బొమ్మలకూ, అసలు కొలతల్ని తగ్గించి చేసే ఇలాంటి స్కేలు మోడళ్లకూ ఒకటే నంబరు. 2020 ఫిబ్రవరి బడ్జెట్టులో దాని మీద సుంకం 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. అదే 2020లో వచ్చిన బొమ్మల నాణ్యత ఉత్తర్వు పద్నాలుగేళ్లలోపు పిల్లల ఆట సామానుకే వర్తిస్తుందని స్పష్టంగా రాసుకుంది. నాణ్యత దగ్గర చూసిన తేడా సుంకం దగ్గర చూడలేదు.

ఇది బొమ్మ ఎందుకు కాదో మాటల్లో వాదించడం కన్నా, ఆ డబ్బా తెరిచాక జరిగింది చెబుతాను.

ఈ పనిలో నేను వాడే స్కేలు 72వ వంతు. ఇంచి టేపుతో బతికేదాన్ని కాబట్టి ఆ లెక్క నాకు వెంటనే ఎక్కింది. ఆరడుగులంటే డెబ్భై రెండు అంగుళాలు. అంటే ఆరడుగుల మనిషి ఇందులో సరిగ్గా ఒక అంగుళం. ఆ లెక్కన నాట్ పన్నెండు సెంటీమీటర్ల పొడవు, తొమ్మిదిన్నర లోపు వెడల్పు. నా కటింగ్ కత్తెర దానికన్నా పెద్దది. ఇంత చిన్నదాంట్లో తప్పు ఎక్కడ కనిపిస్తుందంటారా? ప్రతిచోటా కనిపిస్తుంది. రెక్క వెనక అంచు కిట్‌లో అర మిల్లీమీటరు పైనే మందం ఉంది. దాన్ని 72తో గుణిస్తే నాలుగు సెంటీమీటర్లు. నాలుగు సెంటీమీటర్ల మొద్దు అంచుతో ఏ ఫైటరు ఎగురుతుంది? అందుకని రెక్క పైభాగం, కిందిభాగం అతికించకముందే లోపలి వైపు నుంచి నీటి కాగితం, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, మీద పెట్టి అరగదీశాను. రెండు సాయంత్రాలు పట్టింది. వేలితో తడిమితే కోసుకుంటుందేమో అనిపించేదాకా తీశాను. గాలి లోపలికి వెళ్లే రెండు పక్కల నోళ్ల అంచులూ అంతే. రేకు ముక్కల మధ్య సందులుగా ప్లాస్టిక్ మీద గీసిన గీతలు ఒకచోట లోతుగా, ఒకచోట అసలు లేకుండా ఉన్నాయి. 0.3 మిల్లీమీటర్ల గీత అంటే అసలు విమానంలో రెండు సెంటీమీటర్ల సందు అన్నమాట. అంత సందు ఉంటే మా నాన్న సంతకం పెట్టేవారు కాదు. ఆ గీతలను పుట్టీతో పూడ్చి, కుట్టు మిషన్ పదకొండో నంబరు సూదిని చిన్న పిడికి బిగించి, టేపు ఆనుగా పెట్టుకుని మళ్లీ సన్నగా గీశాను. గుడ్డ మీద సుద్దతో గీత గీసేటప్పుడు ఊపిరి ఎలా బిగబడతామో అలాగే.

చిన్న కంపెనీల కిట్లలో పెద్ద కంపెనీలవాటిలా ఒక సగానికి పుల్ల, ఇంకో సగానికి రంధ్రం ఉండవు. రెండు సగాలనూ మనమే సరిపెట్టుకోవాలి. దీన్ని నేను టాకాలు వేయడం అంటాను. మొదట టేపు ముక్కలతో అక్కడక్కడా పట్టి ఉంచి, వెలుతురుకు ఎత్తి చూసి, ఎక్కడ ఎగుడుదిగుడు ఉందో అక్కడ అరగదీసి, మళ్లీ టేపు. చంక దగ్గర ముడత పడితే మొత్తం జాకెట్టు పాడైనట్టు, రెక్క మొదలు దగ్గర సందు పడితే మొత్తం విమానం పాడైనట్టే. ఇందులో వాడే జిగురు కూడా మామూలు జిగురులా మధ్యలో పొరగా నిలవదు. ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. అందుకే చుక్క ఎక్కువైతే తుడవకూడదు, ఆరనివ్వాలి. తుడిస్తే వేలిముద్ర అచ్చుపడిపోతుంది. సందుల్లోకి నేను సూపర్ గ్లూలో బేబీ పౌడరు కలిపి నింపుతాను. పది నిమిషాల్లో గట్టిపడుతుంది, ప్లాస్టిక్ లాగే అరుగుతుంది. ఇన్సులిన్ సిరంజి, పళ్ల డాక్టరు పారేసిన కొంకి, పాత లేబుల్ టేపు, ఇవే నా పనిముట్లు. ముక్కు చక్రం ఉన్న విమానాలు ముందు బరువు లేకపోతే తోక మీద కూర్చుంటాయి. దానికి ఫిషింగ్ హార్బరు దగ్గర గాలాలకు కట్టే సీసం గుండ్లు కొని, సుత్తితో పలచగా కొట్టి, పైలటు కాళ్ల ముందు సందులో ఇరికించాను. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగాలి, ఇది పిల్లలకు ముందే చెప్పాలి.

ఇక అసలు సంగతి. నాన్నది ఒక ఫొటో ఉంది నా దగ్గర. నలుపు తెలుపుది, అగ్గిపెట్టె రెండింతలుంటుంది. చొక్కా చేతులు మడిచి, నాట్ పక్కన నిలబడి, కాక్‌పిట్ అంచు మీద చెయ్యి వేసుకుని ఉన్నారు. ఆ అంచు ఆయన భుజం కన్నా కిందే ఉంది. కిట్‌లో చక్రాలు అమర్చి టేబుల్ మీద నిలబెట్టి చూస్తే నాకు ఏదో తేడాగా అనిపించింది. విమానం మునివేళ్ల మీద నిలబడ్డట్టుంది. ఎక్కడ తేడానో రెండు రోజులు తెలియలేదు. మూడో రోజు రాత్రి నాన్న ఎత్తు గుర్తొచ్చింది. ఐదడుగుల ఆరు. ఆయన చొక్కాలు కుట్టింది నేనే కాబట్టి కొలత తప్పు పోదు. అరవై ఆరు అంగుళాలను 72తో భాగిస్తే 23 మిల్లీమీటర్లు. ఒక అగ్గిపుల్లను 23 మిల్లీమీటర్లకు కోసి, భుజం దగ్గర పెన్నుతో గీత పెట్టి, విమానం పక్కన నిలబెట్టాను. కాక్‌పిట్ అంచు ఆ గీత దాటి పైకి ఉంది.

కారణం ఆలోచిస్తే నాన్న చెప్పినవే పనికొచ్చాయి. విమానం కాళ్లలో షాక్ అబ్సార్బర్ ఉంటుంది. గాల్లో ఉన్నప్పుడు బరువు లేక సాగి ఉంటుంది. నేల మీద నిలబడితే బరువుకు కుంగుతుంది. కిట్ వాళ్లు సాగి ఉన్న కొలత తీసుకుని అచ్చు పోసినట్టుంది. ముక్కు కాలు మెరిసే గొట్టం భాగంలో ఒకటిన్నర మిల్లీమీటరు కోసేశాను. అసలు విమానంలో అది దాదాపు పదకొండు సెంటీమీటర్లు. తెగిన రెండు ముక్కల్లోనూ రంధ్రం చేసి, విరిగిన కుట్టు సూది ముక్కను లోపల దూర్చి అతికించాను. వెనక కాళ్లు కూడా ఆ మేరకు సరిచేశాను. మళ్లీ అగ్గిపుల్ల నిలబెట్టాను. అంచు భుజం కిందికి వచ్చింది. నాన్న పోయి తొమ్మిదేళ్లు. ఆ రాత్రి ఆ అగ్గిపుల్ల పక్కన విమానాన్ని పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

రంగు గురించి రెండు మాటలు. 1965లో నాట్‌లు వెండి రంగులో ఉండేవి. మామూలు పచ్చ, గోధుమ రంగులు చిన్న చిన్న తప్పుల్ని దాచుకుంటాయి. వెండి రంగు దాచదు, గీత ఉంటే గీతను రెండింతలు చేసి చూపిస్తుంది. అందుకని 400 నుంచి మొదలుపెట్టి 2000 నంబరు కాగితం దాకా రుద్ది, నిగనిగలాడే నల్ల రంగు వేసి, అది ఆరాక దాని మీద వెండి రంగు పలచగా కొట్టాలి. మా వీధిలో ఫ్రిజ్ మెకానిక్ పాత ఫ్రిజ్ కంప్రెసరుతో రంగు కొట్టే మిషన్ ఒకటి చేసిచ్చాడు. చప్పుడు లేదు, రాత్రి పన్నెండుకు వాడినా పక్కింటివాళ్లు లేవరు. కానీ మా విశాఖ గాలి సంగతి మీకు తెలుసు. ఆగస్టులో కొట్టిన రంగు కళ్ల ముందే పాలు పోసినట్టు తెల్లబారింది. తేమ వల్ల. అంతా తుడిచి, చలి గాలి పడేదాకా, అంటే జనవరి దాకా ఆగాను. డెకాల్స్ అని నీళ్లలో నానబెట్టి అంటించే పలచటి ముద్రలు వస్తాయి, మన వైమానిక దళం చక్రం గుర్తు, నంబర్లు. నాకు వచ్చినవి ఏ గోడౌన్లో ఎన్నాళ్లున్నాయో, పసుపు తిరిగి ఉన్నాయి. వాటిని ప్లాస్టిక్ కవరులో పెట్టి కిటికీ అద్దానికి అంటించి పది రోజులు ఎండలో ఉంచితే ఆ పసుపు విరిగింది. బీటలు వారకుండా పైన వార్నిష్ పొర వేసి, వంపుల మీద కూర్చోవడానికి కొంచెం వెనిగర్ తడి చేసి అంటించాను. చక్రం మధ్యలో కాషాయం, దాని చుట్టూ తెలుపు, బయట ఆకుపచ్చ.

సంపాదకుల వారూ, ఇందులో ఆట ఎక్కడుంది చెప్పండి. గుణకారం ఉంది, బరువుకు విమానం కాళ్లు ఎలా కుంగుతాయో ఉంది, రంగు ఎందుకు తెల్లబారుతుందో ఉంది, ఒక యుద్ధం ఉంది, మా నాన్న ఉన్నారు.

మా తమ్ముడి కొడుకు తొమ్మిదో తరగతి. వేసవి సెలవుల్లో మా ఇంటికి వచ్చి, “అత్తా, నాకూ ఒకటివ్వు” అన్నాడు. మిగ్-21 కిట్ ఒకటి ఇచ్చాను. సాయంత్రానికల్లా కట్టేశాడు. సూపర్ గ్లూతో పైలటు అద్దం అంటించి, డబ్బాలో పెట్టి మూతేశాడు. పొద్దున తెరిస్తే అద్దం మొత్తం మంచు పట్టినట్టు తెల్లగా ఉంది. ఆ గ్లూ ఆవిరికి పారదర్శకమైన ప్లాస్టిక్ అలా మసకబారుతుంది. వాడి ముఖం చిన్నబోయింది. “ఒరేయ్, పాడవలేదు, రా” అని పక్కన కూర్చోబెట్టుకుని, 2000 కాగితం తడిపి ఇచ్చాను, తర్వాత టూత్‌పేస్టు, తర్వాత పాత లుంగీ గుడ్డ. రెండు గంటలు రుద్దాడు. ఫోను మోగితే కూడా చూడలేదు. అద్దం మళ్లీ తేటపడి లోపల సీటు కనిపించినప్పుడు వాడు అరిచిన అరుపుకు కింద వాటా వాళ్లు పైకి వచ్చారు. మళ్లీ కట్టినప్పుడు అద్దానికి ఏ జిగురు వాడాలో వాడే చెప్పాడు. తెల్ల జిగురు, ఆవిరి రాదు, ఆరితే కనపడదు. ఇప్పుడు పాలిటెక్నిక్‌లో మెకానికల్ చేస్తానంటున్నాడు. మా తమ్ముడికి కంప్యూటర్లు అయితే బాగుండునని ఉంది. అది వాళ్లిద్దరి మధ్య తేలాల్సింది, నేను కలగజేసుకోను.

ఇంగ్లండులో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1953లో వాళ్ల స్పిట్‌ఫైర్ ఫైటరు కిట్‌ను రెండు షిల్లింగులకు ఊరూరి దుకాణంలో పెట్టింది. పిల్లల జేబు డబ్బులకు అందే ఖరీదు. అమెరికాలో 1942లో నౌకాదళం హైస్కూలు పిల్లల్ని అడిగి ఇదే 72వ వంతు కొలతలో చెక్కతో ఐదు లక్షల విమానాలు చేయించుకోవాలని పథకం పెట్టింది. ఆకాశంలో పోయేది మనదా శత్రువుదా గుర్తుపట్టడం సైనికులకు నేర్పడానికి అవి కావాలి. వాళ్లెవరూ దీన్ని విలాసం అనుకోలేదు. తమ విమానం ఎలా ఉంటుందో తమ పిల్లల వేళ్లకు తెలియాలనుకున్నారు.

మరి మన పిల్లలకు? బీచ్ రోడ్డులో టీయూ-142ను రాష్ట్రపతి 2017 డిసెంబరులో ప్రారంభించారు. ఇరవై తొమ్మిదేళ్లు నౌకాదళంలో పనిచేసి ఆ ఏడాది మార్చిలోనే అరక్కోణంలో రిటైరయిన విమానం అది. నేను ఇప్పటికి పదిసార్లైనా వెళ్లుంటాను. ప్రతిసారీ చూస్తాను, బస్సుల్లో వచ్చిన స్కూలు పిల్లలు లోపలికెళ్లి బయటికొచ్చి, రెక్క కింద ఫొటో దిగి వెళ్లిపోతారు. ఒకే ఇంజనుకు ముందొకటి వెనకొకటి రెండు ప్రొపెల్లర్లు, ఎదురుబదురుగా తిరిగేవి, ఎందుకున్నాయో అడిగే పిల్ల ఉంటుంది. ఒకసారి అలాంటి పిల్లే నా పక్కన నిలబడి వాళ్ల టీచరును అడిగింది. లైను కదిలిపోతోందని టీచరు చెప్పలేకపోయారు. ఆ పిల్ల చేతికి ఆ రెండు ప్రొపెల్లర్లనూ ఇచ్చి ఒకే ఇరుసు మీద ఎదురుబదురుగా గుచ్చమంటే, తనే తిప్పి చూసుకుంటుంది.

చేసేవాళ్లు లేక కాదు. కొన్నేళ్ల కిందట ఎయిర్‌ఫిక్స్ తన కిట్లను మన దేశంలోనే పోయించింది. నా దగ్గరున్న ఒక డబ్బా మీద ‘మేడ్ ఇన్ ఇండియా’ అని ఉంది. ఇక్కడ పోసిన ప్లాస్టిక్ ఇంగ్లండు వెళ్లి, అక్కడి నుంచి సుంకం కట్టుకుని మద్దిలపాలెం వచ్చింది. హైదరాబాద్ బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఉంది. అక్కడ నేర్పేదే డైలు, అచ్చులు చేయడం. విజయవాడలో ప్లాస్టిక్ ఇంజనీరింగ్‌కు సిపెట్ ఉంది. నాట్ చిన్న విమానం. ముప్పై నలభై ముక్కల్లో అయిపోతుంది. ఒక బ్యాచ్ పిల్లలు ప్రాజెక్టుగా తీసుకుని దాని అచ్చు చెయ్యలేరా? నాట్, దాని తర్వాత అజీత్, 1961లో ఎగిరిన మన మారుత్ ఫైటరు. ఈ మూడింటికీ కొలతలు తీసుకోవడానికి అసలు విమానాలు మన మ్యూజియాల్లోనే ఉన్నాయి. ఇంకెవరో మన కోసం చేస్తారని కూర్చుంటే వాళ్లు వాళ్లకు కావలసినవే చేస్తారు. ఎర్ర రంగు రెండు సీట్లవే వస్తాయి.

అంతవరకూ ఒక చిన్న సవరణ చాలు. జిగురు, రంగు వేసి కట్టుకోవాల్సిన, పద్నాలుగేళ్లు పైబడినవాళ్ల కోసమని డబ్బా మీద రాసి ఉన్న స్కేలు మోడల్ కిట్లకు కస్టమ్స్ పట్టికలో వేరే వరస ఇచ్చి, సుంకం తగ్గించమని అడుగుతున్నాను. దీని వల్ల ఏటికొప్పాక బొమ్మకు ఒక్క రూపాయి నష్టం రాదు. తిరిగే లక్క బొంగరం కొనే తల్లి, రెండు నెలలు కూర్చుని కట్టే నాట్ కొనదు. నాట్ కట్టేవాళ్లు, నాలాగే, బొంగరం కూడా కొంటారు.

ఇంకొకటి బీచ్ రోడ్డు మ్యూజియం చూసుకునే పెద్దలకు మనవి. టికెట్ కౌంటరు పక్కన నీడలో ఒక బల్ల, నాలుగు స్టూళ్లు వేయించండి. నెలలో రెండు ఆదివారాలు, ఉదయం పది నుంచి ఒంటి గంట దాకా నేను వస్తాను. కత్తులు, కాగితాలు, జిగురు నావే తెచ్చుకుంటాను. ఒక్కొక్క సారికి ఆరుగురు పిల్లలు, పన్నెండేళ్లు నిండినవాళ్లు. బ్లేడు పట్టుకునేటప్పుడు పక్కన నేనుంటాను. జీతం అక్కర్లేదు. మొదటి ఆరు కిట్లు కూడా నేనే ఇస్తాను. మూడు నాట్‌లు, మూడు మిగ్-21లు, కొని ఉంచాను, షాపులో బీరువా మీద ఉన్నాయి. నా అడ్రసు, ఫోను నంబరు మీ ఆఫీసుకు విడిగా పంపిస్తున్నాను. ఎవరైనా అడిగితే ఇవ్వగలరు.

నమస్కారాలతో,
ఒక పాఠకురాలు,
మద్దిలపాలెం, విశాఖపట్నం